నియమం చెప్పండి, ఎత్తు మాకు వదిలేయండి



యూరోపా యూనివర్సాలిస్ అని ఒక కంప్యూటర్ గేమ్ ఉంది. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ తయారుచేసింది. దాని నాలుగో భాగం 2013లో వచ్చింది. ఆట మొదలయ్యే తేదీ 1444 నవంబర్ 11. తెర మీద ప్రపంచపటం పరుచుకుంటుంది. మీకు నచ్చిన రాజ్యాన్ని ఎంచుకుని మూడున్నర శతాబ్దాలకు పైగా ఏలుకోవచ్చు. మన విజయనగరం ఉంది, బహమనీలూ ఉన్నారు. ఈ ఆట ఆడేవాళ్లు కలిస్తే తరచూ అనుకునే మాట ఒకటుంది: ఇందులో మొదటి 1444 గంటలూ ట్యుటోరియలేనట! అంటే రోజుకు రెండు గంటల చొప్పున ఆడినా, ఆట ఏమిటో అర్థమయ్యేసరికి దాదాపు రెండేళ్లు పడుతుందన్నమాట.

వాళ్లు నవ్వుతూనే అంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఆ రెండేళ్లు ఓపిక పట్టినవాళ్లే ఆ నవ్వులో పాలుపంచుకోగలరు. రెండో రోజునే విసిగి లేచి వెళ్లిపోయినవాళ్లు ఆ గుంపులో ఉండరు. వాళ్లు ఆట నచ్చక వెళ్లిపోలేదు. ఆట వాళ్లతో మాట్లాడలేదు.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే. స్ట్రాటజీ గేమ్స్, అంటే బుర్ర పెట్టి ఎత్తులు వేసే ఆటలు, తమ లోపలి లెక్కలను తామే ఆటగాడికి నేర్పాలా? లేక దెబ్బలు తిని నేర్చుకొమ్మని వదిలేయాలా? నేర్పాలి అంటాను నేను. అయితే ఏది నేర్పాలో, ఏది నేర్పకూడదో విడదీసి చూడాలి. నియమం చెప్పి తీరాలి. ఎత్తు చెప్పకూడదు.

మన పులిజూదమే తీసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుళ్ల మండపాల్లో రాతి నేల మీద ఈ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. మేకలన్నీ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పులి దూకితే మేక పోతుంది. పులులకు కదిలే చోటు లేకుండా చేస్తే మేకలది గెలుపు. రెండు నిమిషాల్లో నియమాలన్నీ చెప్పేశారు. ఇక ఆ పులిని మూలకు తోలడం ఎలా అన్నది మాత్రం అవతల కూర్చున్న తాతయ్య చెప్పడు. చెబితే ఆయనకు ఆట ఎక్కడిది, మీకు ఆట ఎక్కడిది? చదరంగంలోనూ అంతే. కాకపోతే అందులో ఒక చిన్న మెలిక ఉంది. అవతలివాడి బంటు రెండు గడులు ముందుకు వచ్చి మీ బంటు పక్కన ఆగితే, ఆ మరుసటి ఎత్తులో మాత్రమే దాన్ని పక్క నుంచి చంపవచ్చు. ఆ సంగతి తెలియని పిల్లవాడి బంటును ఎవరైనా అలా ఎత్తేస్తే వాడు ఓడిపోయానని అనుకోడు, తొండి చేశారనుకుంటాడు. వాడి కోపం న్యాయమైనది. నియమం తెలియనివాడు నిజానికి ఆడినట్టే కాదు, ఓడినట్టూ కాదు.

కంప్యూటర్ వచ్చాక ఈ చిక్కు వంద రెట్లయింది. పలక మీది ఆటలో నియమాలను మనమే అమలు చేయాలి కాబట్టి, అవి తెలియకుండా ఆట నడవదు. కంప్యూటర్‌లో లెక్కంతా యంత్రమే చేసుకుపోతుంది. మీకు తెలిసినా తెలియకపోయినా ఆట నడుస్తూనే ఉంటుంది. 1990లలో ఈ లోటును తీర్చింది అచ్చు పుస్తకం. 1991లో సిడ్ మేయర్ సివిలైజేషన్ వచ్చినప్పుడు పెట్టెలో డిస్కుతోపాటు దళసరి మాన్యువల్ ఉండేది. ఆట లోపల కూడా సివిలోపీడియా పేరుతో ఒక చిన్న విజ్ఞాన సర్వస్వం పెట్టారు. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం పెట్టెలో, ఏ సైనికుడి తరవాత ఎవరొస్తారో చూపించే పెద్ద మడత చార్టు ఉండేది.

మన ఊళ్లలో ఎంతమంది ఆ చార్టు చూశారు? మనకు ఆ ఆట చేరింది ఇంటర్నెట్ సెంటర్ల ద్వారా, చేతులు మారిన సీడీల ద్వారా. పెట్టె లేదు, పుస్తకం లేదు. పక్క కుర్చీలో కూర్చున్నవాడే మాన్యువల్. "ఒరేయ్, ముందు ఇళ్లు కట్టరా, జనం ఆగిపోయారు చూడు" అని వాడు అరిస్తే అదే ట్యుటోరియల్. ఆ చదువులో ఒక ఆత్మీయత ఉందని ఒప్పుకుంటాను. కానీ పక్కన ఎవరూ లేనివాడి సంగతేమిటి? ఆ సెంటర్లకు వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లల సంగతేమిటి?

ఆ ఆట నేర్పడానికి ప్రయత్నం చేయలేదని అనను. విలియం వాలెస్ అనే స్కాట్లాండ్ వీరుడి కథ పేరుతో ఏడు అంచెల పాఠం పెట్టారు. మొదటి అంచెలో నడవడం, కొట్టడం. రెండో అంచెలో తిండి కూడబెట్టడం. అలా ఒక్కొక్కటీ నెమ్మదిగా చెబుతుంది. చివరి అంచె ఫాల్కిర్క్ యుద్ధం. చరిత్రలో 1298లో వాలెస్ అక్కడ ఓడిపోయాడు, ఆటలో మాత్రం మనం గెలుస్తాం. ఈ ఏడు అంచెలూ పూర్తిచేసి, "ఇక నాకు వచ్చేసింది" అనుకుని మొదటిసారి మనుషులతో ఆటకు దిగితే అరగంటలో ఊరు బూడిద. ఎందుకు?

దగ్గరగా చూద్దాం. ఒక పల్లెవాసిని తయారు చేయడానికి 50 పాళ్ల తిండి, 25 సెకన్ల సమయం పడుతుంది. ఆట మొదటి పది నిమిషాల్లో పల్లెవాసులు తయారయ్యే మీ టౌన్ సెంటర్ అక్కడ కాసేపు, ఇక్కడ కాసేపు, మొత్తం రెండు నిమిషాలు ఖాళీగా ఉందనుకోండి. దాదాపు ఐదుగురు మనుషులు తక్కువయ్యారు. ఆ ఐదుగురు కొట్టాల్సిన కట్టె, తవ్వాల్సిన బంగారం కూడా పోయాయి. ఓటమికి బీజం అక్కడ పడింది. ఓడిపోయినవాడు మాత్రం అవతలివాడి గుర్రాలను తిట్టుకుంటాడు. ఇంకొకటి చూడండి. గుట్ట మీద ఉన్న సైనికుడు కింద ఉన్నవాడిని కొడితే దెబ్బ 25 శాతం పెరుగుతుంది. కింద ఉన్నవాడు పైకి కొడితే 25 శాతం తగ్గుతుంది. అంటే సరిసమానమైన రెండు దండుల్లో ఒకటి గుట్ట ఎక్కితే, దాని ఒక్కో దెబ్బా అవతలి దెబ్బకు ఒకటిన్నర రెట్ల పైమాటే. ఎత్తున ఉంటే మేలని ఎవరైనా ఊహిస్తారు. ఇంత మేలని ఎవరూ ఊహించలేరు. ఏళ్ల తరబడి ఆడినవాళ్లలో కూడా ఈ అంకె తెలియనివాళ్లు ఎందరో.

ఈ రెంటికీ తేడా ఉంది, గమనించండి. గుట్ట లెక్క నియమం. దాన్ని దాచడానికి ఏ సాకూ లేదు. టౌన్ సెంటర్‌ను ఖాళీగా ఉంచకూడదన్నది ఎత్తు. 50 తిండి, 25 సెకన్లు అన్న అంకెలు తెలిసినవాడు తానుగా రాబట్టుకోవాల్సిన విషయం అది. 2019లో అదే ఆటను కొత్తగా ముస్తాబు చేసి తెచ్చినప్పుడు 'ఆర్ట్ ఆఫ్ వార్' అని కొన్ని పరీక్షలు పెట్టారు. మీకో పని ఇస్తారు. మీరు ఎంత చురుగ్గా చేశారో దాన్నిబట్టి కంచు, వెండి, బంగారు పతకం. బంగారం రాకపోతే మళ్లీ ఆడతారు. మళ్లీ ఆడుతున్నప్పుడు మీ టౌన్ సెంటర్ ఎక్కడ ఆగిందో మీ కళ్లే పట్టుకుంటాయి. మంచి లెక్కల మాస్టారు చేసే పని ఇదే. సూత్రం చెబుతాడు, లెక్క ఇస్తాడు, జవాబు చెప్పడు.

నాతో విభేదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదన బలహీనమైనది కాదు. అన్నీ ముందే చెప్పేస్తే కనిపెట్టే ఆనందం ఎక్కడుంటుందని అడుగుతారు. వాళ్లు ముందుగా చూపించే ఆట డ్వార్ఫ్ ఫోర్ట్రెస్, అంటే మరుగుజ్జుల కోట. టార్న్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు 2006లో ఉచితంగా విడుదల చేశారు. బొమ్మలు లేవు, అక్షరాలే మనుషులు, అక్షరాలే గోడలు. అది ఎలా ఆడాలో చెప్పడానికి 2012లో ఏకంగా ఒక పుస్తకమే వెలువడింది. అంత కఠినమైన ఆటకు ప్రాణమిచ్చే ఆటగాళ్లున్నారు.

ఆ ఆటలో పిల్లుల కథ ఒకటుంది. ఆటలోకి సారాకొట్లు వచ్చిన కొత్తలో, ఆటగాళ్ల కోటల్లో పిల్లులు కుప్పలుగా చచ్చిపోవడం మొదలైంది. ఎవరికీ అంతుబట్టలేదు. టార్న్ ఆడమ్స్ కూర్చుని కూపీ లాగితే సంగతి బయటపడింది. సారాకొట్లో మరుగుజ్జులు తాగుతూ నేల మీద ఒలకబోస్తున్నారు. పిల్లులు ఆ తడిలో నడుస్తున్నాయి. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది కదా, పాదాలకు అంటిన సారా కడుపులోకి పోతోంది. ఆ అంటిన చుక్కను ఆట ఒక నిండు పాత్రగా లెక్కగడుతోంది. అంత చిన్న ఒంటికి అంత సారా, ఇంకేముంది! ఒలికితే తడి అవుతుంది, తడి పాదాలకు అంటుతుంది, పిల్లి నాక్కుంటుంది, తాగితే మత్తెక్కుతుంది. ఈ నాలుగూ విడివిడిగా రాసిన నియమాలు. నాలుగూ కలిస్తే ఏం జరుగుతుందో వాటిని రాసినవాడికే తెలియదు. ఆ పుస్తకంలో లేనిది, ఏ ట్యుటోరియలూ చెప్పలేనిది ఇదే. కనిపెట్టే ఆనందమంటే ఇదే. నియమాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు పుట్టేది అది. నియమాన్ని దాస్తే పుట్టేది కాదు. 2022 డిసెంబర్‌లో ఆ ఆట బొమ్మలతో, ట్యుటోరియల్‌తో కొత్త రూపంలో వచ్చింది. అందులోని వింత పిసరంత కూడా తగ్గలేదు.

ఇక అంకెల దాపరికం. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే.

2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో సిడ్ మేయర్ ఒక ప్రసంగం చేశారు. మూడుకు ఒకటి లెక్కన, అంటే నాలుగు సార్లలో మూడు సార్లు మీరే గెలిచే యుద్ధంలో ఒకసారి ఓడిపోతే ఆటగాళ్లు ఒప్పుకోవడం లేదని, ఆట మోసం చేసిందంటున్నారని చెప్పారు. అందుకని వాళ్ల మనసుకు నచ్చేలా లెక్కను సవరించారు. జపాన్ ఆట ఫైర్ ఎంబ్లమ్ అంతకు ముందే, 2002లోనే, ఇంకా దూరం వెళ్లింది. తెర మీద తగిలే అవకాశం 90 శాతం అని చూపిస్తుంది. లోపల మాత్రం రెండు యాదృచ్ఛిక అంకెలు తీసి సగటు చూస్తుంది. దాంతో ఆ 90 కాస్తా నిజానికి 98 అవుతుంది. 80 అని చూపిస్తే 92. తక్కువ వైపు అంకెలు ఇంకా తక్కువవుతాయి. 2016 నాటి ఎక్స్‌కామ్ రెండో భాగం తేలిక స్థాయిల్లో వరసగా గురి తప్పుతుంటే, మీకు చెప్పకుండా అవకాశం పెంచేస్తుంది.

ఆటగాడి సంతోషం కోసమే కదా అనవచ్చు. కానీ ఆ ఆటలతో పెరిగిన పిల్లవాడికి 90 శాతమంటే తప్పకుండా జరిగేదని మనసులో నాటుకుపోతుంది. పదింట ఒకసారి తప్పుతుందన్న ఎరుక రాదు. తేలిక స్థాయి దాటి కష్టమైన స్థాయికి వెళ్లగానే తెరచాటు సాయం ఆగిపోతుంది, వాడు కుదేలవుతాడు. పైగా స్ట్రాటజీ గేమ్‌లో అంకె ఒక వాగ్దానం. దాన్ని నమ్మే మనుషులను ముందుకు పంపుతాం, వెనక్కి పిలుస్తాం. ఆ అంకే అబద్ధమైతే నా తెలివితో నేను గెలిచానా, లేక ఎవరో గెలిపించారా? ఆటగాడికి సాయం చేయదలిస్తే చేయండి, చెప్పి చేయండి. తెర మీద 98 అనే చూపించండి.

దాపరికం లేకుండా కూడా అద్భుతమైన ఆట చేయవచ్చని 2018లో ఇన్‌టు ది బ్రీచ్ నిరూపించింది. జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ చేసిన ఆట. ఎనిమిది గడుల పొడవు, ఎనిమిది గడుల వెడల్పు. చదరంగం బల్లంత. మీకు మూడు యంత్రాలు. శత్రువు ఎవరిని, ఏ గడిలో, ఏ వరసలో కొట్టబోతున్నాడో ముందే చూపిస్తుంది. ఇంత చెప్పాక కూడా మనం తలపట్టుకుని పది నిమిషాలు కదలకుండా కూర్చుంటాం. అన్నీ తెలిసినా దారి దొరకదు. దొరికినప్పుడు కలిగే సంబరం పూర్తిగా మనదే.

పారడాక్స్ సంస్థే 2020లో తెచ్చిన క్రూసేడర్ కింగ్స్ మూడో భాగం ఇంకో దారి చూపింది. 1066 నాటి ఐర్లాండ్‌లో ఒక చిన్న రాజుగా పాఠం మొదలవుతుంది. అసలు పాఠం మాత్రం మాటల్లోనే ఉంది. తెర మీద ఏ పదం మీద మౌస్ ఆపినా చిన్న పెట్టె తెరుచుకుని అర్థం చెబుతుంది. ఆ అర్థంలో తెలియని ఇంకో పదం ఉంటే దాని మీద ఆపితే ఇంకో పెట్టె. అలా ఎంత లోతుకైనా దిగవచ్చు. అక్కర్లేనివాడికి అడ్డు రాదు, కావలసినవాడికి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. బాణం గుర్తు చూపించి "ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు" అంటూ వేలు పట్టుకుని తిప్పే పాఠాలకూ దీనికీ హస్తిమశకాంతరం. నొక్కించుకున్నవాడికి నొక్కడమే వస్తుంది.

మళ్లీ యూరోపా దగ్గరికి వస్తాను, ఎందుకంటే దీన్ని ఇంత పట్టుదలతో చెప్పడానికి అసలు కారణం అక్కడుంది.

మీరు విజయనగరం ఎంచుకున్నారు. రెండో దేవరాయల కాలం. అంతకు ముందు ఏడాదే, 1443లో, పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ ఆ నగరం చూసి అబ్బురపడ్డాడు. మీరు బాగా ఆడుతున్నారు. బహమనీలను జయించారు, కోస్తా మీ చేతికొచ్చింది, కోరమాండల్ వాణిజ్యం మీ గుప్పిట్లో ఉంది. ఇక యూరప్ సంపదను ఇటు తిప్పుదామనుకుంటారు. కుదరదు. ఎన్ని ఓడలు కట్టినా కుదరదు. ఎందుకంటే ఆ ఆటలో వాణిజ్య ప్రవాహానికి దిశ ముందే గీసి పెట్టారు. ప్రపంచంలోని ప్రవాహమంతా చివరికి మూడు కూడళ్లకు చేరుతుంది: ఇంగ్లిష్ ఛానల్, జెనోవా, వెనిస్. పటంలో బాణాలు కనిపిస్తాయి. లోకమంతా మీరే ఏలినా అవి ఎన్నటికీ తిరగవని మాత్రం ఆట మీకు ఎదురొచ్చి చెప్పదు.

చరిత్రలో జరిగిందేమిటి? మిరియాలకూ, బట్టలకూ బదులుగా బంగారం, వెండి మన రేవులకు వచ్చేవి. పదహారో శతాబ్దం నుంచి అమెరికా ఖండాల గనుల్లో తవ్విన వెండి కూడా యూరప్ మీదుగా మన తీరానికి చేరింది. ప్రవాహాన్ని ఒకే దిశలో పెట్టడం లెక్క చేసే యంత్రానికి సులువు. ప్రవాహం గుండ్రంగా తిరిగితే లెక్క తెగదు. దాన్ని నేను తప్పుపట్టను, ప్రతి ఆటా ఏదో ఒకటి కుదించుకోక తప్పదు. కానీ ఆ కుదింపును ఆటగాడికి చెప్పకపోతే ఏమవుతుంది? పదిహేనేళ్ల పిల్లవాడు అది ఆట తీసుకున్న నిర్ణయమని అనుకోడు. లోకం తీరే అంత అనుకుంటాడు. సంపద పడమరకు పారడం నీరు పల్లానికి పారినంత సహజమని గంటల కొద్దీ ఆడి ఒంటబట్టించుకుంటాడు. పాఠ్యపుస్తకంలో రాసిన వాక్యంతో తగవు పెట్టుకోవచ్చు. కనబడని నియమంతో ఎవరు తగవు పెట్టుకోగలరు?

అందుకే ఇది తేలిక, కష్టం అన్న చర్చ కాదు నా దృష్టిలో. ఆట తన నియమాలను తెరిచి చూపితే ఆటగాడు వాటిని ప్రశ్నించగలడు. ఇది ఇలా ఎందుకుండాలి, ఇంకోలా ఉంటే ఏమవుతుందని అడగగలడు. అలా అడిగినవాళ్లలోంచే రేపటి ఆటలు తయారుచేసేవాళ్లు వస్తారు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నేర్పడం అనేది ఏదో ఒక భాషలో జరగాలి. కొత్త ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగాన్ని హిందీలో ఆడుకోవచ్చు. 2022లో ద్రావిడులను, బెంగాలీలను, ఘూర్జరులను కూడా అందులో చేర్చారు. తెలుగులో ఆడుకునే వీలు లేదు. హైదరాబాద్‌లో గేమ్స్ తయారుచేసే స్టూడియోలున్నాయి. అక్కడ పనిచేస్తున్న మిత్రులకు నా విన్నపం ఇది: మీరు చేసే ఆట చిన్నదైనా సరే, దాని ప్రతి నియమాన్నీ, ప్రతి అంకెనూ ఆట లోపలే, తెలుగులో, తప్పులేకుండా రాసి పెట్టండి. యూట్యూబ్‌లో ఆడి చూపించే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇదే మాట. మీ ఎత్తులు తరవాత చూపిద్దురు గాని, ముందు నియమాలు చెప్పండి.